బ్యాట్‌మ్యాన్‌కు ముసుగు తొడిగిన మనిషి

సూపర్‌హీరో సినిమాల మీద, వీడియో గేమ్‌ల మీద స్నేహితుల మధ్య సాగే వాదనలంటే నాకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే ఇక్కడ నేను చేయబోయే ఫిర్యాదు ఆ వాదనలను పిల్లచేష్టలని తీసిపారేసేవారి పక్షాన నిలబడి చేస్తున్నది కాదు. సూపర్‌మ్యాన్‌కూ హల్క్‌కూ పోరు జరిగితే నెగ్గేది ఎవరన్న ప్రశ్న మీద అర్ధరాత్రి దాటేదాకా గొంతు చించుకునే మిత్రులు, దశాబ్దాల నాటి కామిక్స్‌ను తిరగేసి, ఏ సంచికలో ఏ పాత్ర ఎంత బరువు ఎత్తిందో గుర్తుపెట్టుకుని, ఒకదానికొకటి పొసగని కథలను సమన్వయపరచి, చివరికి ఒక తర్కాన్ని కట్టి నిలబెడతారు. అంతటి శ్రద్ధను నేను మరే విషయంలోనూ అంత తరచుగా చూడలేదు. అయితే అదే మిత్రులకు ఆ పాత్రలను ఊహించి, గీసి, కోడ్ రాసి, మన ముందు నిలబెట్టిన మనుషుల గురించి దాదాపు ఏమీ తెలియకపోవడం, తెలుసుకోవాలన్న కుతూహలం కూడా కలగకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

బ్యాట్‌మ్యాన్ సంగతే తీసుకుందాం. అతన్ని సృష్టించింది ఎవరని మా మిత్రబృందంలో అడిగితే, కామిక్స్ బాగా చదివిన ఒకరిద్దరు తప్ప మిగిలినవారు బాబ్ కేన్ అంటారు, కొందరికి ఆ పేరు కూడా తట్టదు. వారిని తప్పుపట్టలేను, 1939 నుంచి 2015 దాకా సృష్టికర్తగా అధికారికంగా కనిపించిన పేరు అదొక్కటే. నిజానికి కేన్ మొదట గీసిన బొమ్మలో ఉన్నవి ఎర్రటి దుస్తులు, కళ్లను మాత్రమే మరుగుపరిచే చిన్న ముసుగు, వీపున బిగుసుకుపోయిన గబ్బిలం రెక్కలు. ముఖాన్ని కప్పే చెవుల ముసుగు ఉండాలని, రెక్కల స్థానంలో వెనుక వేలాడే వస్త్రం ఉండాలని, చేతులకు తొడుగులు కావాలని, రంగులు ముదురుగా ఉండాలని సూచించినవారు బిల్ ఫింగర్ అనే రచయిత. డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో వచ్చిన తొలి కథను రాసిందీ ఆయనే. ముసుగు వెనుకున్న మనిషికి బ్రూస్ వేన్ అన్న పేరు పెట్టిందీ, అతని నగరానికి గోథమ్ అని పేరు పెట్టిందీ ఆయనే. కేన్ తన ఒక్కడి పేరే ఉండేలా ఒప్పందం కుదుర్చుకున్నందున ఫింగర్ పేరు సృష్టికర్తగా ఎక్కడా అచ్చు కాలేదు, 1974లో ఆయన ఆ గుర్తింపు లేకుండానే మరణించారు. 2008లో బ్యాట్‌మ్యాన్ సినిమా ‘ది డార్క్ నైట్’ ప్రపంచమంతటా ఆడినప్పుడు కూడా తెర మీద కనిపించింది కేన్ పేరే. బ్యాట్‌మ్యాన్‌గా కీటన్ నచ్చాడా, బేల్ నచ్చాడా, ప్యాటిన్సన్ నచ్చాడా అని మేము తగువులాడుకున్న ప్రతిసారీ, ఆ ముగ్గురూ తొడుక్కున్న ముసుగు ఫింగర్ ఆలోచన అన్న సంగతి మా మాటల్లోకి వచ్చిన పాపాన పోలేదు.

సూపర్‌మ్యాన్ కథ ఇంకా క్రూరమైనది. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు 1938లో ఆ పాత్ర మీద సర్వహక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. ఆ మొత్తంతో పాటు ఇతర పనులకు రావలసిన డబ్బు కూడా కలిపి ప్రచురణకర్త వారికిచ్చిన 412 డాలర్ల చెక్కు 2012లో వేలానికి వస్తే లక్షా 60 వేల డాలర్లు పలికింది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. పాత్ర కోసం వారికి ముట్టిన సొమ్ముకూ, ఆ చెల్లింపు జరిగిన కాగితపు ముక్కకు తర్వాత పలికిన ధరకూ మధ్య ఉన్న దూరమే, మనం ప్రేమగా చెప్పుకునే ఈ సంస్కృతి ఎవరిని గౌరవిస్తుందో చెప్పడానికి సరిపోతుంది. హక్కుల కోసం కోర్టుకెక్కిన తర్వాత వారి పేర్లను కూడా ఆ కామిక్స్ మీది నుంచి తొలగించారు. షుస్టర్‌కు చూపు మందగించింది, ఇద్దరూ ఆర్థికంగా చితికిపోయారు.

మరో కామిక్స్ సంస్థ మార్వెల్ విషయానికి వస్తే పరిస్థితి కాస్త చిక్కుగా ఉంటుంది, అందుకే అది మంచి వాదనకు తగిన విషయమని నేను అనుకుంటాను. 1960లలో అక్కడ పని జరిగిన తీరు వేరు: రచయిత స్టాన్ లీ కథను క్లుప్తంగా చెప్పేవారు, కొన్నిసార్లు అదీ ఉండేది కాదు, చిత్రకారులు జాక్ కర్బీ గానీ స్టీవ్ డిట్కో గానీ పేజీలన్నీ గీసి, ఏ సంఘటన తర్వాత ఏది రావాలో, ఎక్కడ ఉత్కంఠ పెరగాలో తామే నిర్ణయించేవారు, ఆ తర్వాత లీ వచ్చి సంభాషణలు నింపేవారు. అలాంటప్పుడు ఫెంటాస్టిక్ ఫోర్ అనే సూపర్‌హీరోల బృందం ఎవరి కథ? మాటలు రాసినవారిదా, సంఘటనల క్రమాన్ని కట్టినవారిదా? నా మొగ్గు కర్బీ వైపు. బొమ్మల కథలో కథనమంతా బొమ్మల అమరికలోనే ఉంటుందని నేను నమ్ముతాను కాబట్టి, దాన్ని సమకూర్చినవారిని ఉత్త చిత్రకారుడని పిలవడం అన్యాయంగా తోస్తుంది. లీ రాసిన చమత్కారమైన సంభాషణలు లేకపోతే ఆ పాత్రలకు ప్రాణం వచ్చేది కాదని నా మిత్రుడొకడు గట్టిగా వాదిస్తాడు, అతని మాటలోనూ బలముంది. ఈ వాదన ఎంతసేపు సాగినా నాకు విసుగు రాదు. మార్వెల్ సినిమాలలో చిన్న పాత్రల్లో నవ్వుతూ కనిపించిన లీ ముఖం అందరికీ పరిచయమే. 1994లో మరణించిన కర్బీ ఆ సినిమాలను చూడలేదు, ఆయన కుటుంబం మార్వెల్‌తో న్యాయపోరాటం సాగించి 2014లో రాజీకి వచ్చింది.

ఇటువంటి సంగతులు ఉండగా మన వాదనలు ఎక్కువగా దేని చుట్టూ తిరుగుతున్నాయి? వసూళ్ల చుట్టూ. 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ సుమారు 280 కోట్ల డాలర్లు రాబట్టిందని చెప్పుకునేటప్పుడు, ఆ లాభంలో తమకూ వాటా ఉన్నంత సంబరంతో మాట్లాడే మిత్రులను చూస్తే నాకు నిజంగా దిగులు వేస్తుంది. అదే ఏడాది ప్రముఖ దర్శకుడు మార్టిన్ స్కోర్సేజీ మార్వెల్ సినిమాలు సినిమాలు కావని, అవి థీమ్ పార్కులకు దగ్గరగా ఉంటాయని అన్నప్పుడు మా బృందం రెండుగా చీలిపోయింది. ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. కానీ ఆయన లేవనెత్తిన అసలు ఆందోళన ఒక కళాకారుడి సొంత చూపు సినిమాలో మిగులుతోందా లేదా అన్నది. దానికి జవాబు చెప్పాలంటే ఆ సినిమాలను ఎవరు, ఎంత స్వేచ్ఛతో తీశారో తెలియాలి. ఆ దిశగా ఒక్క అడుగు కూడా వేయకుండా ఒక వర్గం వసూళ్ల లెక్కలతో, మరో వర్గం ఎగతాళితో వాదన ముగించింది.

గేమ్‌ల లోకంలో ఈ మరుపు మొదటి నుంచీ ఒక విధానంగానే అమలైంది. 1970లలో అటారీ సంస్థ తన గేమ్‌ల మీద ప్రోగ్రామర్ల పేర్లు వేసేది కాదు. ఒక గేమ్‌ను ఆ రోజుల్లో తరచుగా ఒక్క మనిషే ఊహించి, గీసి, శబ్దాలు కూర్చి, కోడ్ రాసేవారని గుర్తుంచుకుంటే ఆ నిరాకరణ ఎంత బరువైనదో అర్థమవుతుంది. ‘అడ్వెంచర్’ గేమ్ రాసిన వారెన్ రాబినెట్ ఎవరికీ చెప్పకుండా అందులో ఒక రహస్య గదిని పెట్టి, దాని లోపల తన పేరు రాసుకున్నారు. ఈనాడు ప్రతి సినిమాలో, ప్రతి గేమ్‌లో మనం ఈస్టర్ ఎగ్‌లంటూ ఉత్సాహంగా వెతుక్కునే రహస్య విశేషాలకు ఆ పేరు స్థిరపడింది ఆ గదితోనే. మనకు ఆటగా మిగిలిన ఆ అలవాటు ఒక ఉద్యోగి తన పేరు కోసం చేసిన తిరుగుబాటు. ఇదే అసంతృప్తితో అటారీ నుంచి బయటికి వచ్చిన ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్‌ను స్థాపించి, తమ గేమ్‌లతో పాటు వాటిని రూపొందించినవారి పేర్లను కూడా ప్రచారం చేశారు. మాస్కోలో 1984లో టెట్రిస్ అనే గేమ్‌ను రూపొందించిన అలెక్సీ పజిత్నోవ్‌కు రాయల్టీ అందడం మొదలైంది 1996లో. అప్పటికి ఆ గేమ్ ఆడని దేశం లేదు.

ఆ యాక్టివిజన్ తర్వాత ఒక మహాసంస్థగా పెరిగింది, 2023లో మైక్రోసాఫ్ట్ దాన్ని సుమారు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. మైక్రోసాఫ్ట్ కన్సోల్ (గేమ్‌లు ఆడే యంత్రం) ఎక్స్‌బాక్స్ అభిమానులు దాన్ని తమ విజయంగా చెప్పుకున్నారు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమ్‌ల విభాగంలో 1,900 మందిని తొలగించింది. మరుసటి నెలలోనే పోటీ కన్సోల్ ప్లేస్టేషన్ విభాగంలో సుమారు 900 మందిని సోనీ తొలగించి, లండన్‌లోని స్టూడియోను మూసివేయబోతున్నట్లు ప్రకటించింది. ఆ రోజుల్లో కూడా ఏ కన్సోల్ గొప్పదన్న తగవు ఆగలేదు. అదే ఏడాది మే నెలలో, ఆటగాళ్లూ విమర్శకులూ కలిసి మెచ్చుకున్న ‘హై-ఫై రష్’ గేమ్‌ను అందించిన టాంగో గేమ్‌వర్క్స్‌ను మూసివేస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కొన్ని నెలల తర్వాత మరో సంస్థ ఆ స్టూడియోను తీసుకుంది గనుక అది బతికింది. ఇటు కన్సోల్ కొనుక్కున్నవారికీ అటు కన్సోల్ కొనుక్కున్నవారికీ ఆనందం పంచినవారు ఒకేసారి ఉద్యోగాలు కోల్పోతుంటే, మనం జెండాలు పట్టుకుని నిలబడింది ఎవరి కోసమో ఒకసారి ఆలోచించాలి.

గ్రాఫిక్స్ బాగాలేవన్న మాట మన సంభాషణల్లో ఎంత తేలికగా దొర్లుతుందో అందరికీ తెలుసు. బాగాలేనప్పుడు బాగాలేదని చెప్పడం ప్రేక్షకుడి హక్కు, నేనూ చెబుతాను. కానీ విడుదల తేదీ మారకుండా చివరి వారాల్లో సన్నివేశాలే మారిపోతే, ఆ భారమంతా విజువల్ ఎఫెక్ట్స్ (వీఎఫ్ఎక్స్) కళాకారుల మీదే పడుతుంది. 2013లో ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ గెలుచుకునేనాటికి, ఆ సినిమాలోని పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ దివాలా పిటిషన్ వేసి ఉంది. ఆ సంగతి వేదిక మీద చెప్పబోయిన బృంద సభ్యుడి ప్రసంగాన్ని సంగీతంతో మధ్యలోనే ఆపేశారు. 2023 సెప్టెంబరులో మార్వెల్ స్టూడియోస్ వీఎఫ్ఎక్స్ సిబ్బంది యూనియన్ పెట్టుకోవడానికి ఏకగ్రీవంగా ఓటు వేశారు. మార్వెల్ సినిమా అయిపోయాక పోస్ట్ క్రెడిట్ సీన్ కోసం మనమంతా కుర్చీల్లోనే కూర్చుంటాం. ఆ కొద్ది నిమిషాల్లో మన ఎదుట సాగిపోయేవి వారి పేర్లే, ఆ సమయంలో మన కళ్లుండేవి ఫోన్ల మీద.

‘మేము కథ కోసం వస్తాం, ఎవరు చేశారన్నది వాళ్ల జీతాల గొడవ, మాకెందుకు?’ అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. కథ కోసమే అయినా ఇది అవసరమని నా సమాధానం. స్పైడర్‌మ్యాన్ కామిక్స్‌లో ముసుగు వెనుకున్న యువకుడు పీటర్ పార్కర్ తొలినాళ్లలో ముభావంగా, బక్కపలచగా, తోటివారికి దూరంగా ఉండి, తర్వాత ఉన్నట్టుండి అందగాడై నలుగురిలో కలిసిపోవడానికి కారణం ఏమిటని అభిమానులు కథలోపల ఎన్నో వివరణలు వెతుకుతారు. అసలు వివరణ సూటిగా ఉంది: 1966లో 38వ సంచిక తర్వాత డిట్కో వెళ్లిపోయారు, 39వ సంచిక నుంచి జాన్ రొమీటా గీయడం మొదలుపెట్టారు. రొమీటాకు ప్రేమకథలు గీసిన అనుభవం ఉంది, ఆయన గీతలో మనుషులు అందంగా ఉంటారు. ఇది తెలిసిన తర్వాత ఆ సంచికలను చదివితే, ఒకే పాత్రను ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చూసిన తీరు కనిపిస్తుంది, చదివే ఆనందం పెరుగుతుంది. 2015లో వచ్చిన ఐదో ‘మెటల్ గేర్ సాలిడ్’ గేమ్ ముగింపు ఎందుకు అసంపూర్ణంగా ఉందన్న చర్చ కూడా దాని దర్శకుడు హిడియో కొజిమాకూ ప్రచురించిన కొనామీ సంస్థకూ మధ్య తెగిపోయిన బంధాన్ని పక్కనపెట్టి చేయలేం. ఆ గేమ్ విడుదలకు ముందే పెట్టె మీది నుంచి ఆయన పేరు తీసేశారు.

ఇక్కడ ఒక ప్రమాదం కూడా ఉందని ఒప్పుకుంటాను. కొత్తగా వచ్చినవారిని, ముఖ్యంగా అమ్మాయిలను నిలబెట్టి, నిజమైన అభిమానివైతే ఫలానా పాత్ర అసలు పేరు చెప్పు, ఫలానా సంచిక సంఖ్య చెప్పు అని పరీక్ష పెట్టే దురలవాటు మనలో ఉంది. సృష్టికర్తల పేర్లు ఆ పరీక్షలో మరో ప్రశ్నగా మారడం నాకు ఇష్టం లేదు. నిన్ననే మొదటి సినిమా చూసి సంతోషించినవారికి ఏ పేరూ తెలియనవసరం లేదు. నా మాటలు ఏళ్ల తరబడి వాదించి, తమను తాము నిపుణులుగా భావించుకునే నాలాంటివారి కోసం.

ఎందుకంటే మన మాటకు బలముందని చరిత్ర చెబుతోంది. 1975లో సూపర్‌మ్యాన్ సినిమా తయారవుతున్న వేళ సీగెల్ తమ దుస్థితిని పత్రికల ముందు పెట్టారు, కార్టూనిస్టులు గొంతు కలిపారు, ప్రజల్లో ఆగ్రహం పెరిగింది. సూపర్‌మ్యాన్ హక్కులు చేతిలో ఉన్న వార్నర్ సంస్థ దిగివచ్చి ఇద్దరికీ ఏటా 20 వేల డాలర్ల చొప్పున ఇవ్వడానికి, వారి పేర్లను తిరిగి చేర్చడానికి ఒప్పుకుంది. 1978లో సినిమా వచ్చినప్పుడు ఆ పేర్లు తెర మీద ఉన్నాయి. ఫింగర్ విషయంలోనూ అంతే. ఆయన జీవితాన్ని ఏళ్ల తరబడి శోధించిన ఒక రచయిత ఆయన మనవరాలిని కనుగొన్నారు, ఆమె తాతగారి పేరు కోసం పట్టుబట్టారు, అభిమానులు వెంట నిలిచారు, 2015లో బ్యాట్‌మ్యాన్ ప్రచురణ సంస్థ డీసీ అంగీకరించింది. 2016లో విడుదలైన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’లో కేన్ పేరు పక్కన ఫింగర్ పేరు కూడా వచ్చింది. ఇప్పుడు అలాంటి మద్దతు అవసరమైనవారు గేమ్‌ల రంగంలో ఎందరో ఉన్నారు: ఏళ్లపాటు ఒక గేమ్ మీద పనిచేసి, విడుదలకు కొన్ని నెలల ముందు ఉద్యోగం మానేసినందుకో, తొలగింపునకు గురైనందుకో క్రెడిట్స్‌లో పేరు కోల్పోతున్న డెవలపర్లు. ఈ ఏడాది ఉత్తమ గేమ్ ఏదని మా బృందం ఈసారి తగువుకు కూర్చున్నప్పుడు, దాన్ని తయారుచేసిన స్టూడియో అలాంటివారి పేర్లు ఉంచిందా తీసేసిందా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలని నేను పట్టుబట్టబోతున్నాను.