మావాడి మధ్యాహ్నం నిద్ర గారికి

మహారాజశ్రీ మధ్యాహ్నం నిద్ర గారికి, రెండు రోజులు సరదాగా గడుపుదామని నెల్లూరు నుంచి చెన్నై వచ్చి, ఒక్క రోజుకే నడుం పట్టేసిన ఒక తండ్రి నమస్కరించి రాయునది ఏమనగా... ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. నిన్న రెండున్నర గంటలు నా ఎడమ భుజం మీదే కదా ఉన్నారు.

ఇంటి దగ్గర తమరికీ మాకూ ఒక లెక్క ఉంది. ఒంటిగంటకు రావాలి, మూడింటికి పోవాలి. ఈ ట్రిప్పంతా ఆ లెక్క మీదే వేశాను. పొద్దున్నే వండలూరు జూ, ఒంటిగంటకల్లా ఎగ్మూరు లాడ్జికి వెనక్కి. ఏసీ వేసి, కర్టెన్లు మూసి, పూర్ణకుంభం ఒక్కటే తక్కువగా తమరికి స్వాగతం.

ఎగ్మూరులో ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కినప్పుడు తమరి జాడే లేదు. మాంబళంలో పూలబుట్టతో ఎక్కిన ఆవిడకు మావాడు పులిలా గాండ్రించి చూపించాడు. తాంబరంలో పులి మాస్కు తగిలించుకున్నాడు. పెరుంగళత్తూరు దగ్గర చెవి లాక్కున్నాడు. నా గుండె జారిపోయింది. ఇంకొక్క స్టేషన్ రా నాన్నా, ఒక్కటంటే ఒక్కటి! పాట పాడాను, బిస్కెట్ పెట్టాను, మొహం మీద నీళ్ళు చల్లాను. వండలూరు వచ్చేసరికి మాస్కు రబ్బరు దారం మెడ మీదకు జారింది, నోట్లో సగం బిస్కెట్ అలాగే ఉండిపోయింది. టైం పదిన్నర కూడా కాలేదు. పేరులో మధ్యాహ్నం ఎందుకు పెట్టుకున్నట్టు?

మా నాన్న కాలంలో ఈ జూ సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండేది. రైలు దిగి నడిచిపోయి చూసొచ్చేవాళ్ళట. జంతువులకు చోటు చాలడం లేదని 1985లో వండలూరుకు మార్చారు. ఇప్పుడది 602 హెక్టార్లు. జంతువులకు మంచిదే, కాదనను. 14 కిలోల పిల్లాణ్ణి భుజాన వేసుకుని నడిచేవాడికి మాత్రం 602 అనేది చాలా పెద్ద అంకె. (తోపుడు బండి లాడ్జిలోనే వదిలేద్దామన్నది ఎవరో చెప్పను. ఆవిడ ఇది చదువుతుంది.) బ్యాటరీ బండికి క్యూ చూసి, ఇంతలో లేస్తాడులే అని నడక మొదలుపెట్టాం.

లేవలేదు. నీటిగుర్రం నోరు తెరిచింది. ఏనుగు మట్టి చల్లుకుంది. తెల్లపులి, అంత ఎండలో ఏ నీడనో పడుకోవాల్సిన తెల్లపులి, మా కోసమే అన్నట్టు లేచి కందకం అంచుదాకా వచ్చి నిలబడింది. చుట్టూ పిల్లలంతా కేకలు. ‘‘కన్నా, పులిరా, లేరా’’ అని మా ఆవిడ బుగ్గలు తట్టింది. నేను వేలితో వాడి కనురెప్ప ఎత్తి చూశాను. వాడికి తెల్లపులిని చూపిద్దామనుకుంటే, వాడి తెల్లగుడ్డు నాకు కనిపించింది.

సిగ్గుందా నీకు? వారం రోజులుగా వాడు ‘పులి ఎన్ని రోజులకొస్తుంది’ అని వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ వారం రోజుల్లో ఒంటిగంటకు నిన్ను తేవడానికి నా తలప్రాణం తోకకొచ్చేది. కాళ్ళ మీద వేసి ఊపితే రావు, జో కొడితే రావు. పిలవని చోటికి మాత్రం ముందే తయారు! మూడేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలంటారు. పోవయ్యా, 13 తీసుకో, నేను వద్దన్నానా? ఆ ఒక్క పది నిమిషాలు, ఆ పులి ముందు, వదిలేస్తే నీ సొమ్మేం పోయింది?

గేటు బయటికి రాగానే కళ్ళు తెరిచాడు. గోడ మీద కోతి ఒకటి ఎవరిదో చిప్స్ పొట్లం చింపుతోంది. ‘‘నాన్నా, ఇదేనా పులి?’’

లాడ్జి గదిలో, చీకట్లో, చల్లగా ఉన్న మంచం మీద నీ ఆనవాలు లేదు. వాడు ఆ మంచం మీదే గెంతాడు. ఎక్స్‌ట్రా బెడ్ అని విడిగా డబ్బులు తీసుకున్న పరుపు చాప కంటే పలచన, అది వేరే ఉత్తరం. సాయంత్రం మెరీనాలో మేమిద్దరం ఇసకలో కూలబడి సుండల్ తింటుంటే, వాడు తినడం లేదు, కూర్చోవడం లేదు, అలల మీద గాండ్రిస్తున్నాడు. రాత్రి పదకొండున్నరకు పక్క గదివాళ్ళు గోడ కొట్టారు. వాడు సరదాపడి తిరిగి కొట్టాడు.

ఈ ఉత్తరం తిరుగు రైల్లో రాస్తున్నాను. సూళ్ళూరుపేటలో రాలేదు నువ్వు, నాయుడుపేటలో రాలేదు. గూడూరు దాటాక వచ్చావు. ఇంకో అరగంటలో నెల్లూరు. పైన రెండు బ్యాగులు ఉన్నాయి, నాకేమో ఉన్నవి రెండు చేతులు. వాడు పులి మాస్కు పెట్టుకునే పడుకున్నాడు. ముక్కు దగ్గర చిల్లులోంచి ఊపిరి వెచ్చగా నా మోచేతికి తగులుతోంది, చొల్లు చొక్కా మీదకు కారుతోంది.

వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు. స్టేషన్లో దిగేటప్పుడు లేచిపోయి వాణ్ణి ఏడిపించకు. ఇంటిదాకా రా. ఆటోకి నేనే ఇస్తాను.