వచ్చే ఈస్టర్‌కి చూద్దాంలే

మా మావయ్య విశాఖ పోర్టులో కలాసీగా చేరి ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. తుఫాను కబురు వస్తే చాలు, కంచరపాలెంలో మా వీధి వీధంతా ఆయన అరుగు దగ్గరికి చేరేది. పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు మొత్తం 11. ఒకటి, రెండు అంటే తుఫాను ఎక్కడో దూరాన ఉంది. మూడు, నాలుగు అంటే ఈ రేవుకే గాలి గండం ఉండొచ్చు. ఐదు నుంచి ఏడు దాకా ప్రమాదం. ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పది అంటే తీవ్ర తుఫాను రేవు మీదుగానో దాని పక్కనుంచో దాటబోతోందని. ఇవన్నీ ఆయన వేళ్ల మీద చెప్పేవాడు. మరి పదకొండో నంబరు ఏమిటని చిన్నప్పుడు అడిగాను. "అది తుఫాను నంబరు కాదురా నాన్నా. వాతావరణం ఆఫీసుతో సంబంధాలు తెగిపోయాయని చెప్పే నంబరు. ఇంక మనకి కబురు చెప్పేవోడు ఉండడు" అన్నాడు.

అలాంటి మావయ్య, బాప్తిస్మం (నీళ్లలో ముంచి సంఘంలో చేర్చుకునే కార్యం) సంగతి వచ్చేసరికి ఇరవై రెండేళ్లు "వచ్చే ఈస్టర్‌కి చూద్దాంలే" అంటూ గడిపేశాడు.

ఆయన నమ్మనివాడు కాదు. ఆదివారం మందిరంలో చివరి వరసలో, గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఆయనది. పాటలన్నీ నోటికి వచ్చు. వాక్యం వింటూ తువ్వాలుతో కళ్లొత్తుకోవడం నేను చాలాసార్లు చూశాను. కానీ పెద్దమ్మాయి పెళ్లి కానీ అన్నాడు. తర్వాత అబ్బాయి ఉద్యోగం అన్నాడు. తర్వాత రిటైర్మెంట్ డబ్బులు, ఇంటికి శ్లాబు. ఒక ఏడాది మాత్రం నిజంగానే కదిలాడు. పూర్ణా మార్కెట్‌లో బాప్తిస్మానికని తెల్ల పంచె కొని తెచ్చి, అంచు మడత విప్పకుండా, కలరా ఉండలు వేసి బీరువా పై అరలో పెట్టించాడు. ఆ ఈస్టర్‌కి ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చింది. పంచె అక్కడే ఉండిపోయింది.

ఆకాశం చూసి వాన వస్తుందో ఎండ కాస్తుందో చెప్పగలరు, ఈ కాలాన్ని ఎందుకు గుర్తించలేకపోతున్నారని యేసు జనసమూహాన్ని అడిగిన మాట లూకా సువార్త 12వ అధ్యాయంలో ఉంది. అది చదివినప్పుడల్లా నాకు మావయ్య అరుగే గుర్తొస్తుంది.

రెండవ రాకడ, అంటే యేసు మళ్లీ రావడం, గురించి వినని క్రైస్తవ కుటుంబం విశాఖలో ఉండదు. గాజువాక నుంచి భీమిలి దాకా ఏ గోడ మీద చూసినా "యేసు త్వరగా వచ్చుచున్నాడు" అని కనిపిస్తుంది. ఉపవాస కూటాల్లో, డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనల్లో కడవరి దినాల మీదే ప్రసంగాలు. సంఘం ఎత్తబడటం (విశ్వాసులు పరలోకానికి తీసుకుపోబడటం), ఏడేండ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, వెయ్యేండ్ల పాలన, ఆఖరికి ధవళ సింహాసనం ముందు తీర్పు. ఈ వరుస మీద సంఘాల మధ్య ఏకాభిప్రాయం లేదు. శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనే బోధ 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ వల్ల బాగా వ్యాపించింది. కేథలిక్కులు, లూథరన్లలో ఎక్కువమంది దాన్ని అలా చెప్పరు. అయితే ఆయన మళ్లీ వస్తాడు, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడు అన్న దగ్గర అందరూ ఒకటే. ఆదివారం విశ్వాస ప్రమాణం చదివే ప్రతి మందిరంలోనూ ఆ మాట ఉంది.

నా బాధ ఈ బోధ మీద కాదు, దాన్ని మనం ఏం చేశామన్నదాని మీద. ఇంటింటా అది ఒక లెక్కల పజిల్ అయిపోయింది. మొదట క్రీస్తు విరోధి ముద్ర 666 అంటే బార్‌కోడే అన్నారు, తర్వాత ఆధార్ అన్నారు, కరోనా టీకా వచ్చినప్పుడు అదే ముద్ర అన్నారు. ఆ వాట్సాప్ మెసేజ్ చూసి రెండో డోసు మానేసిన పెద్దమనిషి మా సంఘంలోనే ఉన్నారు. ఇజ్రాయెల్‌లో బాంబు పడితే ఆ వారమంతా టెన్షన్, కాల్పుల విరమణ రాగానే రిలీఫ్. వార్తలతో పాటు లేచి వార్తలతో పాటు పడుకునే భయం మనిషిని మారుమనస్సు దాకా నడిపించదు.

తేదీలు చెప్పినవాళ్ల చరిత్ర చూడండి. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బోధకుడి లెక్కలను నమ్మి వేలమంది 1844 అక్టోబరు 22 కోసం ఎదురుచూశారు. కొందరు పొలాల్లో పంట కూడా కోయలేదు. మర్నాడు మామూలుగానే తెల్లారింది. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న ఎత్తబడటం ఖాయమని ఒక సంఘం ప్రకటించింది. జనం ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్ముకున్నారు. ఆ సంఘ నాయకుడు మాత్రం ఆ తేదీ దాటాక గడువు తీరే బాండ్లు కొని ఉంచుకున్నాడని బయటపడింది. మోసం కేసులో జైలుకు వెళ్లాడు. 2011 మే 21 అంటూ హెరాల్డ్ క్యాంపింగ్ చాలా దేశాల్లో హోర్డింగులు పెట్టించాడు. అది తప్పిపోయాక అక్టోబరు 21 అన్నాడు. మరుసటి ఏడాది, తేదీ చెప్పడం తప్పేనని ఒప్పుకున్నాడు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప దూతలకు కూడా తెలియదని మత్తయి 24వ అధ్యాయంలో ప్రభువే చెప్పాక, మనకు తెలుసనడం ఎంత ధైర్యం!

తేదీ చెప్పేవాడు జనాన్ని తొందరపెడుతున్నానని అనుకుంటాడు. జరిగేది అందుకు రివర్స్. తేదీ ఉందంటే ముందురోజు దాకా టైముందనే కదా అర్థం. తేదీ దాటిపోతే, ఇదంతా ఉత్తదేనని మనసు మరింత గట్టిపడుతుంది. రెండు వైపులా లాభపడేది వాయిదాయే. తెలియని గడియ అన్నది మనల్ని ఏడిపించడానికి పెట్టిన రహస్యం కాదు. తెలియనప్పుడే మనిషి ఈ రోజును లెక్కలోకి తీసుకుంటాడు. పెండ్లికుమారుడి కోసం ఎదురుచూసిన పదిమంది కన్యకల గురించి యేసు చెప్పిన కథలో నేను చిన్నప్పుడు గమనించని సంగతి ఒకటుంది. పదిమందీ దివిటీలు పట్టుకునే వచ్చారు. పెండ్లికుమారుడు ఆలస్యం చేస్తే పదిమందీ కునికి నిద్రపోయారు, బుద్ధిగలవాళ్లు కూడా. అర్ధరాత్రి కేక పదిమందికీ వినిపించింది. తేడా అల్లా నూనె దగ్గర వచ్చింది. అయిదుగురు తెచ్చుకున్నారు, అయిదుగురు తెచ్చుకోలేదు. ఆ నూనె పగలు కొట్టు తెరిచి ఉన్నప్పుడు కొనాల్సింది. మిగిలిన అయిదుగురూ పెండ్లి మీద ఇష్టం లేనివాళ్లు కాదు. మా మావయ్యలాగే చివరి వరసలో కూర్చున్నవాళ్లు.

వాయిదాను బైబిల్ ఇంకా దగ్గర్నుంచి చూపించిన చోటు అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం. ఖైదీగా ఉన్న పౌలును రోమా అధిపతి ఫేలిక్సు పిలిపించుకున్నాడు. నీతి, ఆశానిగ్రహం, రాబోయే తీర్పు గురించి పౌలు మాట్లాడుతుంటే ఫేలిక్సు బాగా భయపడ్డాడు. "ఇప్పటికి వెళ్లుము, నాకు సమయమైనప్పుడు నిన్ను పిలువనంపింతును" అన్నాడు. ప్రసంగాలన్నీ సాధారణంగా ఇక్కడ ఆగిపోతాయి, అతనికి ఇక సమయం దొరకలేదన్నట్టు. తర్వాతి రెండు వచనాలు చదవండి. సమయం దొరికింది. పౌలును మాటిమాటికీ పిలిపించుకుని మాట్లాడాడు, రెండేళ్ల పాటు. లంచం ఇస్తాడేమోనని ఆశ కూడా పెట్టుకున్నాడు. సమయం వచ్చింది, బోధకుడు వచ్చాడు, మాటలూ సాగాయి. ఆ మొదటి రోజు వణుకు మాత్రం మళ్లీ వచ్చినట్టు లేఖనంలో ఎక్కడా లేదు.

ఆలస్యంలో ఉన్న అసలు ప్రమాదం ఇదేనని నేను నమ్ముతున్నాను. రేపు చచ్చిపోతావేమో అని భయపెట్టడం తేలిక, అది నిజం కూడా. కానీ రేపు బతికే ఉండి, ఇదే వాక్యం విని, ఏమీ కదలకపోవడం అంతకంటే ఘోరం. హెబ్రీ పత్రిక "నేడు మీరాయన శబ్దము వినినయెడల మీ హృదయములను కఠినపరచుకొనకుడి" అని ఊరికే పదేపదే అనలేదు. మావయ్య చెప్పిన పదకొండో నంబరు అలాంటిదే. గాలి అంతే ఉంటుంది, సముద్రం అంతే ఉంటుంది. కబురు అందడం ఆగిపోతుంది.

సిలువ మీద దొంగ సంగతేమిటని అడుగుతారు. ఆఖరి గంటలో కూడా రక్షణ ఉందనడానికి ఆ మనిషే సాక్ష్యం, దాన్ని ఎవరూ తగ్గించకూడదు. కానీ యేసును ముందే ఎరిగి, వాయిదా వేస్తూ వచ్చి, చివరికి అడిగినట్టు అతని గురించి ఎక్కడా రాసి లేదు. తన పక్కన వేలాడుతున్నది ఎవరో గుర్తించాడు, గుర్తించిన గంటలోనే అడిగాడు. మన వాయిదాలకు అతన్ని పూచీ పెట్టుకోలేం. నాలుగో శతాబ్దంలో బాప్తిస్మం చివరిదాకా దాచుకోవడం ఒక అలవాటుగా ఉండేది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కూడా 337లో చనిపోయే ముందే తీసుకున్నాడు. ఆ అలవాటును అప్పటి సంఘ పెద్దలు గట్టిగా ఖండించారు.

మన దగ్గర వాయిదాకు ఇంకో కారణం ఉంది. దాన్ని వేదిక మీద ఎవరూ మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవుడైన దళితుడు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వస్తాడు, ఒక్క శాతం రిజర్వేషన్. పిల్లాడి ఇంజినీరింగ్ సీటు, ఉద్యోగం అంతా ఆ సర్టిఫికెట్ మీద ఆధారపడిన ఇంట్లో తండ్రి వెనకాడితే, అతన్ని పిరికివాడనే హక్కు జీతానికి ఢోకా లేని నాకు లేదు. అంటరానితనం మతం మారగానే పోదని తెలిసీ చట్టం ఆ మనిషిని ఇలా నిలబెట్టడం అన్యాయమనే నా అభిప్రాయం. అయినా ఆ తండ్రితో ఒక మాట చెప్పాలి. కాగితం ఆపగలిగేది నీళ్ల దగ్గరికి వెళ్లే అడుగునే. తలుపు వేసుకుని మోకరించి, నా పాపం క్షమించు ప్రభువా అనడానికి ఏ తహసీల్దారు సంతకమూ అక్కర్లేదు. అది ఈ రాత్రి చేయొచ్చు. అది చేసినవాడు మిగతా బరువును దేవుడి ముందు పెట్టి దారి అడుగుతాడు. అది చేయనివాడికి కాగితం ఒక సాకుగా మారిపోతుంది. ఆ తేడా అతనికే తెలుస్తుంది.

భయం అమ్ముకునే బోధకులతో మాత్రం నాకు రాజీ లేదు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, ఆదివారం, ఈ నగరాన్ని కొట్టింది. ఆ వారమే "ఇది విశాఖ పాపానికి శిక్ష" అన్న ప్రసంగం నేను చెవులారా విన్నాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో నిద్రలో ఉన్నవాళ్ల మీదికి ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి వచ్చి 12 మంది చనిపోతే, మళ్లీ అవే మాటలు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి, వాళ్లు యెరూషలేములో మిగతావాళ్ల కంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగాడు. కాదని ఆయనే చెప్పాడు. వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నాడు. చనిపోయినవాళ్ల మీద తీర్పు చెప్పే పని మనకివ్వలేదు. ఆ వార్త విన్నవాడు తన గుండె మీద చేయి వేసుకోవాలి, అంతే.

తొందర అంటే ఏమిటో ఈ ఊరికి కొత్తగా నేర్పక్కర్లేదు. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు అక్షరమ్ముక్క రానివాళ్లు భాష నేర్చుకుని సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెస్ గ్రాంజెస్ పోయాడు. వాళ్ల సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చు కాగితం ఇద్దరిలో ఎవరూ చూడలేదు. భాష బాగా వచ్చాక మొదలుపెడదాం అనుకుని ఉంటే?

మావయ్యకు నిరుడు నవంబరులో పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. పాస్టర్ గారు వచ్చి ఎడమ చేయి పట్టుకుని, "యేసయ్యను ఒప్పుకుంటే నా చెయ్యి నొక్కండి" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. వేళ్లు కదిలాయి. నొక్కారని పాస్టర్ గారు అన్నారు. అవి అంతకుముందు కూడా కదులుతూనే ఉన్నాయని బావ అన్నాడు. ఆయన లోపల ఏం జరిగిందో దేవుడికి తెలుసు, ఆయన కనికరం మీద నాకు అనుమానం లేదు. కానీ ఇరవై రెండేళ్లు నోరారా చెప్పగలిగి ఉండీ, ఆ మాట నాలుగు వేళ్ల కదలికలో వెతుక్కోవాల్సి రావడం నేను ఇప్పటికీ తట్టుకోలేకపోతున్నాను. తొమ్మిదో రోజు పోయారు. పెట్టెలో పెట్టేటప్పుడు అత్తయ్య బీరువా తెరిచి ఆ పంచె తీసింది. మడతల దగ్గర పసుపు చారలు పడ్డాయి.

అత్తయ్య కూడా ఇన్నేళ్లూ ఆయనతో పాటే తీసుకుంటానని ఆగిన మనిషి. సమాధి కార్యక్రమం అయిన పదో రోజున పాస్టర్ గారికి తనే ఫోన్ చేసింది. ఈస్టర్‌కి పదిమందితో పాటు భీమిలి తీసుకెళ్తానమ్మా అన్నారు ఆయన. "వద్దు బాబూ, ఎల్లుండి కుదురుతాదా?" అని అడిగింది. ఎల్లుండి గురువారం. మందిరం వెనక తొట్టెలో నీళ్లు నిండేసరికి మధ్యాహ్నం అయింది. మేం ఐదుగురమే ఉన్నాం.