క్షవరమైతేనే వివరం

2020 ఫిబ్రవరి 7, శుక్రవారం సాయంత్రం. డబ్లిన్‌లో మా వీధి చివర ఉన్న టర్కీ సెలూన్ ముందు నుంచే ఇంటికి నడిచొచ్చాను. లోపల కుర్చీ ఖాళీగా ఉంది. అయినా "రేపు ఎన్నికలు కదా, అవి అయ్యాక చూద్దాంలే" అనుకున్నాను. ఐర్లాండ్ ఎన్నికలకీ నా జుట్టుకీ సంబంధం ఏమిటని అడగకండి. నాలాంటి వాళ్ళకి అక్కడ స్థానిక ఎన్నికల్లో తప్ప ఓటు కూడా లేదు. బద్ధకానికి ఏదో ఒక వంక కావాలి, అంతే.

ఎన్నికలయ్యాయి. తెనాలి నుంచి మామగారు వీడియో కాల్ చేశారు. ఆయన రిటైర్డ్ హైస్కూలు మాస్టారు. ప్రపంచంలో ఎక్కడ ఓట్లు లెక్కపెడుతున్నా ఆయనకి నిద్ర పట్టదు.

"ఏమండీ అల్లుడుగారూ, ఎవరు గెలిచారు?"

"ఎవరూ గెలవలేదండీ మామయ్యగారూ."

"పోనీ, ఓడిందెవరు?"

"అదీ ఇంకా తేలలేదండీ."

సభలో 160 సీట్లు. ప్రభుత్వానికి 80 మంది కావాలి. ఫియనా ఫాల్‌కి 38, షిన్ ఫేన్‌కి 37, ఫినా గేల్‌కి 35 వచ్చాయి. ఈ పేర్లు చెప్పడమే నేను చేసిన తప్పు.

"ఫ్యానా? అక్కడా ఫ్యానేనా?" అన్నారాయన.

కాదని నచ్చజెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ షిన్ ఫేన్‌కి మొదటి ప్రాధాన్య ఓట్లు అందరికన్నా ఎక్కువే వచ్చాయి. కానీ నిలబెట్టింది 42 మందినే. ఇంత గాలి వీస్తుందని వాళ్ళకే తెలియదు. "పెళ్ళికి విస్తళ్ళు తక్కువ తెచ్చుకున్నారన్నమాట" అని మామగారు తేల్చేశారు. ప్రాధాన్య ఓటు గురించి ఆయనకి నేను చెప్పేదేమీ లేదు. టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికల్లో పేర్ల ఎదురుగా ఒకటి, రెండు, మూడు అంకెలు వేసిన చెయ్యి అది.

"మరి ఈ ఫియనా, ఫినా ఏమవుతారు? ఇంటిపేరు ఒకటే ఉందే?"

ఏమవుతారో నాకూ తెలియదు. పక్కింటి ఐరిష్ పెద్దాయన్ని గోడ మీద నుంచి అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి "వాళ్ళ తాతలు కొట్టుకున్నారు" అన్నాడు. 1921లో బ్రిటిష్ వాళ్ళతో చేసుకున్న ఒప్పందం ఒప్పేనని ఒక వర్గం, తప్పేనని ఒక వర్గం. 1922లో మొదలై మరుసటేడు దాకా సాగిన అంతర్యుద్ధంలో ఇవి రెండూ ఒకదాన్నొకటి కాల్చుకున్నాయి. ఈ పార్టీలు ఆ వర్గాల సంతానం. ఆ తర్వాత అప్పటిదాకా ఎప్పుడూ ఒకే మంత్రివర్గంలో కూర్చోలేదు. "విధానాల్లో తేడా ఏమిటి?" అని కూడా అడిగాను. పెద్దాయన గులాబీ కొమ్మలు కత్తిరిస్తూ ఉండిపోయాడు.

మామగారికి మాత్రం వెంటనే అర్థమైంది. "దాయాదులు. చేనుగట్టు తగువు. మా ఊళ్ళో మూడు తరాలుగా చూస్తున్నదే."

ఈలోగా ఫిబ్రవరి 20న కొత్త సభ కూర్చుంది. ఎవరినీ ఎన్నుకోలేక లేచింది. ప్రధానమంత్రిని అక్కడ టీషక్ అంటారు. అప్పటి టీషక్, ఫినా గేల్ నాయకుడు లియో వరద్కర్ రాజీనామా ఇచ్చి, ఆపద్ధర్మంగా అదే కుర్చీలో ఉండిపోయారు. ఆయన నాన్నగారిది ముంబై అని చెప్పినప్పటి నుంచి మామగారు "మన వరద్కర్" అంటున్నారు. 29న దేశంలో మొదటి కరోనా కేసు. మార్చి 12న స్కూళ్ళు మూసేశారు. అదే నెల 27న, ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి వ్యాయామానికి కూడా వెళ్ళొద్దన్నారు. మా సెలూన్ రెండు వందల మీటర్లే, కానీ దానికి తాళం. వరద్కర్ చదువుకుంది డాక్టరీ కాబట్టి మళ్ళీ పేరు నమోదు చేయించుకుని వారానికో పూట ఆ పని కూడా పెట్టుకున్నారు. మామగారు ముచ్చటపడి "చూశారా, పదవి లేకపోయినా ఖాళీగా కూర్చోలేదు" అన్నారు. తర్వాత ఫోన్‌లో నా తల వైపు చాలాసేపు చూశారు.

మే నెలకి నా జుట్టు చెవులు దాటింది. దాయాదులిద్దరూ మాట కలిపారు గానీ ఇద్దరి లెక్క కలిసినా 80కి చేరదు. 12 మంది ఉన్న గ్రీన్ పార్టీ కావాల్సొచ్చింది. ఆ పేరుని తెలుగు చేసి చెప్పడం నా రెండో తప్పు.

"పచ్చ పార్టీయా? అంటే సైకిలా?"

"ఆ పచ్చ కాదండీ, ఆకుపచ్చ. పర్యావరణం వాళ్ళు."

"ఏం అడుగుతున్నారేమిటి?"

"పదిహేడు కోరికలు పెట్టారండీ. కాలుష్యం ఏటా ఏడు శాతం తగ్గించాలి, రవాణా పెట్టుబడిలో ఇరవై శాతం నడక దారులకీ, సైకిళ్ళకీ..."

"నేను చెప్పలా!" అన్నారు మామగారు.

ఆ రోజే పందెం కాశాం. ముందు నా క్షవరమే అవుతుందని ఆయన, ప్రభుత్వమే వస్తుందని నేను. నేను గెలిస్తే రెండు కిలోల ఆవకాయ. ఆయన గెలిస్తే వచ్చే సంక్రాంతి మా అమ్మ దగ్గర కాదు, తెనాల్లో.

జూన్ 15న మూడు పార్టీలూ ఒప్పందానికి వచ్చాయి. అక్కడితో అయిపోతుందనుకున్నాను. లేదు, పార్టీల్లోనూ ఓట్లు వేసి ఒప్పుకోవాలట. గ్రీన్ వాళ్ళయితే మూడింట రెండు వంతుల మంది సరేననాలి. 26న ఫలితం వచ్చింది. గ్రీన్‌లో 76 శాతం సరేనన్నారు, మిగతా రెండు పార్టీల్లోనూ నెగ్గింది. మర్నాడు శనివారం సభ. సెలూన్లు తెరిచేది సోమవారం, 29న. ఆవకాయ నాదే. అన్నంలోకి నెయ్యి ఉందో లేదో కూడా చూసుకున్నాను.

నేను లెక్కలోకి తీసుకోనిది ఫిరాయింపు. మా ఆవిడ పుట్టింటి పార్టీ.

శనివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చున్నాను. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని, సభని మామూలు చోట కాకుండా లిఫీ నది ఒడ్డున కన్వెన్షన్ సెంటర్లో పెట్టారు. పెళ్ళివారు రాని కల్యాణ మండపంలా ఉంది. వెనక నుంచి మెడ చుట్టూ దుప్పటి పడింది. మా ఆవిడ చేతిలో ట్రిమ్మర్. ఏప్రిల్‌లో గడ్డం కోసం తెప్పించినది.

"కదలకండి, చెవి తెగుతుంది" అంది. ఆ మాట తర్వాత ఎవరు మాత్రం కదులుతారు?

పదేళ్ళ మా వాడు తనకీ ట్రిమ్మర్ కావాలని పేచీ పెట్టాడు. టీవీలో చెప్పింది విన్నాడు మరి. ఫియనా ఫాల్ నాయకుడు మిహాల్ మార్టిన్ 2022 డిసెంబరు దాకా టీషక్, ఆ తర్వాత కుర్చీ మళ్ళీ వరద్కర్‌ది. అదే పద్ధతిలో, కుడివైపు అమ్మ, ఎడమవైపు తను. కాగితం మీద రాయించుకుని, సంతకం పెట్టించుకుని, ఫ్రిజ్‌కి అంటించాడు. తల నాది. నన్ను ఎవరూ సంప్రదించలేదు.

అక్కడ ఓటింగ్, ఇక్కడ ట్రిమ్మింగ్. తెనాలి నుంచి మామగారు ఫోన్‌లో రెండూ చూస్తున్నారు. కుడివైపు అయిపోయి నడినెత్తికి వస్తుండగా స్పీకరు ఫలితం చదివాడు. 93 అవును, 63 కాదు. మా ఆవిడ టీవీ వైపు తల తిప్పింది. చెయ్యి ఆగలేదు. నెత్తి మధ్య నుంచి నుదుటి దాకా నున్నటి బాట పడింది. సరిగ్గా అప్పుడే ట్రిమ్మర్ ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది. రాత్రంతా చార్జింగ్‌లో ఉండాల్సినదాన్ని పీకి, ఆ ప్లగ్గులో మా వాడు తన ట్యాబ్ పెట్టుకున్నాడట. తీగ తగిలించి వాడదామంటే ఆ రకం కాదది.

"ప్రభుత్వం వచ్చేసిందండీ మామయ్యగారూ! క్షవరం పూర్తవలేదు!" అన్నాను, సగం తలతో.

మామగారు కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా చూశారు. "సగం దాటింది. అంటే మెజారిటీ. మిగిలింది ఆపద్ధర్మ క్షవరం."

ట్రిమ్మర్ చార్జ్ అయ్యేసరికి రాత్రయింది. ఆ బాటని కప్పాలంటే చుట్టూ ఉన్న అడవి కూడా కొట్టెయ్యాలని మా ఆవిడ నిర్ణయించింది. ఎడమవైపు తనదని మా వాడు కాగితం చూపించాడు. "వచ్చేసారి" అంది. ఆదివారం కాల్‌లో మామగారు నా గుండు చూసి, "కౌంటీ దాటొద్దన్నారు కదండీ, తిరుపతి ఎప్పుడు వెళ్ళొచ్చారు?" అన్నారు.

ఆవకాయ రాలేదు. తెనాలీ వెళ్ళలేదు, సంక్రాంతికి విమానాలు ఎక్కే పరిస్థితి ఎక్కడుంది? పందెంలో ఇంకో ముక్క మాత్రం మిగిలింది. మార్టిన్ టైముకి కుర్చీ దిగడని మామగారి నమ్మకం. కర్ణాటకలో 2006లో ముఖ్యమంత్రి కుర్చీ చెరి ఇరవై నెలలు అనుకున్నవాళ్ళు 2007లో ఏం చేశారో ఆయనకి తారీఖులతో సహా గుర్తు.

2022 డిసెంబరు 17న మార్టిన్ దిగారు, వరద్కర్ ఎక్కారు. మళ్ళీ శనివారమే. నేను విజయగర్వంతో తెనాలికి ఫోన్ కలుపుతుంటే, మా వాడు ఫ్రిజ్ దగ్గర నుంచి పసుపు మరకలు పడ్డ కాగితం ఒకటి పట్టుకుని వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అమ్మా, ట్రిమ్మర్ చార్జింగ్ పెట్టావా?"