సెట్ అయితది!

ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారుల కష్టం తలచుకుంటే జాలి కలుగుతుంది. 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియ ఒక్కదానికే దాదాపు 430 అర్థాలు రాసి, వాటిని వివరించడానికి సుమారు 60,000 మాటలు ఖర్చుపెట్టి, ఇంగ్లిషులో ఇంతకు మించిన బహుముఖ పదం లేదని వారు ఊపిరి పీల్చుకున్నారు. తరువాతి సవరణల్లో ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటిపోయింది. ఈ తీర్పు నల్లగొండ, పాలమూరు జిల్లాలకు వర్తించదని సవినయంగా మనవి. ఇక్కడ రన్ అయ్యేవి తక్కువ, సెట్ అయ్యేవే ఎక్కువ.

పాత ఇంగ్లిషులో ఈ క్రియకు మూలమైన ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. ఆ మూలార్థాన్ని ఇంగ్లండు మరిచినా మన కార్యాలయాలు మరవలేదు; ఒకసారి సెట్ చేసిన ఫైలు అక్కడ నిజంగానే కూర్చుంటుంది. నగల సెట్టు, పంపుసెట్టు అనేటప్పటి నామవాచకానిది వేరే వంశం. అనుచరగణం అనే అర్థమున్న లాటిన్ ‘సెక్తా’ ఫ్రెంచి మీదుగా వచ్చి అలా స్థిరపడింది. నాయకుడు ఊళ్లోకి వస్తే వెనక నాలుగు బండ్లలో దిగే సెట్టును చూసినవారికి ఈ వ్యుత్పత్తి వివరించనక్కరలేదు. ఐసెట్, ఎడ్‌సెట్, పాలిసెట్‌లది మూడో వంశం. అది ‘కామన్ ఎంట్రన్స్ టెస్ట్’ అన్నదానికి పొట్టిపేరు మాత్రమే. 2025 ఐసెట్‌ను నిర్వహించింది నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయమే కనుక ఈ శాఖ మీద మనకు కొంత హక్కు కూడా ఉంది. అయితే “మా పిల్లగాడు అన్ని సెట్లు రాసిండు గని ఇంకా యాడ సెట్ కాలే” అని ఒక తల్లి అన్నప్పుడు ఏ వంశం ఎక్కడ ముగిసి ఏది మొదలైందో చెప్పగల భాషావేత్త ఇంకా పుట్టలేదు.

అసలు మహిమ వ్యాకరణంలో ఉంది. ఇంగ్లిషులో ఈ క్రియకు భూతకాలంలోనూ రూపం మారదు. నిన్న చేసినా, రోజూ చేస్తున్నా మాట ఒక్కటే. ఆ విధంగా కాలాన్ని సగం మాయం చేసిన ఘనత ఇంగ్లిషువారిది కాగా, కర్తను పూర్తిగా మాయం చేసిన ఘనత మనది. తిప్పర్తి దిక్కు ఒక రైతు పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందనుకుందాం. వరి పొట్టకొచ్చి ఉంది. నాలుగు రోజులు తిరిగిన మీదట అతనికి దొరికే జవాబు “సెట్ అయితది అన్నా, రంది పడకు”. ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు, ఏమి చేస్తారు అన్న మూడు ప్రశ్నల్లో ఒక్కదానికైనా ఇందులో సమాధానం లేదు. అయినా రైతు ఎంతో కొంత ధైర్యంతో ఇంటికి పోతాడు. అవతలి మనిషి ఏ మాటా ఇవ్వలేదు, ఇచ్చినట్టు వినిపించింది అంతే. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, అది అంకె గనుక, రైతు గడియారం చూసి నిలదీయగలిగాడు. నాగార్జునసాగర్ శంకుస్థాపనకు 1955 డిసెంబరు 10 అనే తేదీ ఉంది, కాలువలకు నీళ్లు వదలడానికి 1967 అనే సంవత్సరం ఉంది. తీసివేత వచ్చిన ఎవరైనా మధ్యలో పన్నెండేళ్లు పట్టిందని తేల్చేస్తారు. పాతకాలపు మాటలతో ఇదే చిక్కు. ‘సెట్ అయితది’ అన్నదానిలోంచి దేన్ని తీసివేసినా ఏమీ మిగలదు కనుక పాలనకు ఇంతకన్నా క్షేమకరమైన మాట మరొకటి లేదు.

ఈ ఒక్క మాట వచ్చి కుదిరింది, అమరింది, చక్కబడింది, ఒప్పుకున్నరు, పైసలు ముట్టినయి వంటి అచ్చమైన పలుకుబళ్లను మింగేసిందని భాషాభిమానులు బాధపడుతుంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది గాని ఆ పాత మాటలకు నిజం చెప్పే దురలవాటు ఉన్నదని వారు గమనించడం లేదు. సంబంధం కుదిరిందంటే రెండు కుటుంబాలు నిజంగా కుదరాలి, రోడ్డు బాగైందంటే తారు కనబడాలి, పైసలు ముట్టినయంటే ఎవరికన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. అన్నీ ‘సెట్’ అయినప్పుడు ఇంత రభస ఉండదు. సర్పంచు ఎన్నికల ముందురాత్రి వాడలో ఏం జరిగిందని అడిగితే “అంతా సెట్” అంటారు. ఎన్నికల నియమావళిలోని ఏ నిబంధన కిందా ఆ రెండు మాటల మీద కేసు పెట్టలేరు.

కనుక ‘రన్’ చేతిలో ఓడిన ఈ క్రియను మళ్లీ గద్దెనెక్కించడానికి ఆక్స్‌ఫర్డ్ వారికి దక్షిణ తెలంగాణ పక్షాన ఒక కొత్త అర్థాన్ని ఉచితంగా సమర్పిస్తున్నాను. వారి పద్ధతిలోనే రాశాను, అచ్చుకు పంపితే చాలు.

సెట్ అవు: క్రియ, నల్లగొండ, పాలమూరు. కర్త అక్కరలేదు. కర్మ చెప్పరాదు. కాలం, వినేవాడి ఓపికను బట్టి. ప్రయోగం: “సారూ, మా బిల్లు సంగతి ఏమైంది?” “సెట్ అయితది పెద్దాయనా, మల్ల సోమారం రా.”