కొండ మీద స్పీకర్ దేనికి?

"కోటగిరిలో ఏముంది చూడ్డానికి?" మేం వెళ్ళొచ్చి నెలైంది, పర్లాకిమిడిలో ఇంకా ఇదే అడుగుతున్నారు. ఊటీ పక్కదాకా వెళ్ళి ఊటీ చూడకుండా వచ్చేశారా అని మా పిన్ని అయితే నిజంగానే బాధపడింది.

పలాసలో రైలెక్కి, చెన్నైలో మారి, మేట్టుపాళయంలో దిగాం. అక్కడి నుంచి బస్సులో 33 కిలోమీటర్లు. దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. పొద్దున్నే గది బయటికొస్తే, ఎక్కడో కింద టీ ఆకు కోస్తున్న ఆడవాళ్ళ మాటలు పైదాకా వినిపించేవి. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని అలాగే కూర్చునేది. రెండో రోజు "చెవుల్లో హోరు పోయిందిరా" అంది. నాన్న పోయాక అమ్మ అంత నిమ్మళంగా కూర్చోవడం నేను చూడలేదు. పిన్నీ, కోటగిరిలో ఉన్నది అదే.

కోయంబత్తూరు కలెక్టర్ సల్లివాన్ 1819లో కట్టుకున్న బంగ్లా కూడా అక్కడే, కన్నేరిముక్కులో ఉంది. చూశాం. నా మనసులో నిలిచింది మాత్రం లాంగ్‌వుడ్ షోలా. ఊరి పక్కనే ఉన్న చిన్న అడవి. వాన నీటిని నేలలో దాచుకుని, చుట్టుపక్కల ఊళ్ళకు మెల్లగా వదులుతుంది. 2024లో దాన్ని రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. లోపలికి వెళ్ళే ముందే మా గైడు ఫోన్లు సైలెంట్‌లో పెట్టించాడు. ఎవరూ గొణగలేదు.

ఆ ప్రశాంతత దానంతటదే మిగల్లేదు. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి బయటి బండ్లకు ఈ-పాస్ పెట్టారు. ఇబ్బందే, కానీ అవసరం.

ఇప్పుడు మన పర్లాకిమిడి వైపు మహేంద్రగిరి సంగతి. 1,501 మీటర్ల కొండ. పరశురాముడు తపస్సు చేసుకునే చోటని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. మొన్న చలికాలంలో అమ్మను జీపులో తీసుకెళ్తే, భీముడి గుడికి కాస్త దూరంలో ఒక గుంపు పెద్ద స్పీకర్ పెట్టి గంతులేస్తోంది. చుట్టూ ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ పొట్లాలు. సౌండ్ తగ్గించమని అడిగితే "కొండ నీ సొంతమా?" అన్నాడొకడు. మన ఊరి కుర్రాడే. అమ్మ చెయ్యి పట్టుకుని లాగింది, వచ్చేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తమ్ముడూ, నీదీ నాదీ కూడా. మహేంద్రతనయ నది పుట్టేది ఆ కొండల్లోనే. ఆ నీళ్ళు ఇక్కడి పొలాలకూ, అటు శ్రీకాకుళం జిల్లా పొలాలకూ పారుతున్నాయి. 2022లో ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. బోర్డు పెట్టినంత మాత్రాన సరిపోదు. కింద చెక్‌పోస్టు దగ్గరే స్పీకర్లు, ప్లాస్టిక్ ఆపేయాలి. శివరాత్రి జాతరకు వేలమంది ఎక్కుతారు, వాళ్ళ భక్తికి నేను అడ్డు చెప్పను. శివుడికి డీజే అక్కర్లేదని మాత్రం గట్టిగా చెప్తాను.

ఈసారి శివరాత్రి మర్నాడు నేనూ, మా అన్నయ్యా గోనెసంచులు పట్టుకుని పైకి వెళ్తున్నాం. జీపులో ఇంకా ఆరుగురికి చోటుంది. వచ్చేవాళ్ళు కింద రాయండి.