పాలకుణ్ని అడిగితే దైవద్రోహమా?

2016 ఇలా వచ్చిందో లేదో, రెండో తేదీనే సౌదీ అరేబియా 47 మందిని ఒక్క రోజులో చంపేసింది. వాళ్లలో షియా మతగురువు నిమ్ర్ అల్ నిమ్ర్ ఒకరు. షియా దేశమైన ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో సౌదీ ఎంబసీ తగలబడింది, మర్నాడే రియాద్‌లోని సౌదీ ప్రభుత్వం ఇరాన్‌తో సంబంధాలు తెంచుకుంది. దీన్ని షియా, సున్నీ తగాదాగా తేల్చేస్తే అసలు సంగతి మరుగున పడిపోతుంది. నిమ్ర్‌పై మోపిన నేరాల్లో ఒకటి, పాలకుడికి అవిధేయత! మమ్మల్ని భయపెడుతున్నది ఆ మాటే.

చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అల్ ఖైదా దాడుల దోషులని రియాద్ అంది. నిజమే. వాళ్ల వరుసలో నిరసనలకు గొంతునిచ్చిన మనిషిని నిలబెట్టడం ఏం న్యాయం? పాలకుడు అన్యాయం చేసినా తిరగబడొద్దు, చాటుగా సలహా చెప్పాలి, లేకపోతే ఫిత్నా, అంటే సమాజంలో కల్లోలం, రేగుతుందన్నది సౌదీ సలఫీ (తొలి తరాల ముస్లింల బాటే ప్రామాణికమనే సున్నీ వర్గం) పండితుల వాదం. 2011 మార్చిలో వాళ్ల పెద్దల మండలి ఊరేగింపులే ఇస్లాంకు విరుద్ధమంది. అంటే అడగడమే నేరం.

మరి దైవ ప్రతీకారం తప్పదన్న అప్పటి ఇరాన్ సుప్రీం లీడర్ (అత్యున్నత నేత) ఖమేనీ సంగతి? ప్రవక్త వంశపు వారసుల్లో పన్నెండోవాడైన, కనుమరుగైన ఇమామ్‌దే అసలు అధికారమని నమ్మే షియాల్లో చాలామంది పండితులు శతాబ్దాలపాటు గద్దెకు దూరంగానే ఉన్నారు. ఇమామ్ వచ్చేదాకా ధర్మశాస్త్ర పండితుడే పాలించాలని ఇరాన్ విప్లవ నేత ఖొమైనీ 1970లో ఇరాక్‌లోని నజఫ్‌లో బోధించారు, 1979లో ఇరాన్‌లో అమలు చేశారు. ఇప్పుడు సుప్రీం లీడర్‌ను ఎన్నుకునేది నిపుణుల మండలి. ఆ మండలికి ఎవరు పోటీ చేయొచ్చో తేల్చేది గార్డియన్ కౌన్సిల్. అందులో 12 మంది ఉంటే ఆరుగుర్ని నేరుగా నియమించేది మళ్లీ ఆ లీడరే! ఇక ఆయన్ని అడిగేదెవరు? 1988లో ఇరాన్ జైళ్లలో వేలమంది రాజకీయ ఖైదీలను చంపితే తప్పన్న మతపండితుడు మొంతజేరీ, ఖొమైనీకి వారసుడై ఉండీ మరుసటి ఏడాదే ఆ స్థానం పోగొట్టుకున్నారు. తర్వాత సుప్రీం లీడరైన ఖమేనీ అర్హతనే ప్రశ్నించినందుకు 1997 నుంచి 2003 దాకా ఇంట్లోనే బందీ అయ్యారు. ఇక్కడా అడగడమే నేరం.

షియా సిద్ధాంతం ఇలాగే ముగియాలని లేదు. రాజ్యాంగం రాసేవాళ్లను ప్రజలే ఎన్నుకోవాలని 2003లో ఇరాక్‌లో పట్టుబట్టిన అక్కడి మతగురువు సిస్తానీ కూడా ఖొమైనీలాగే ఆయతుల్లాయే, అంటే షియా పెద్ద పండితుడే.

నిమ్ర్ శవాన్ని కూడా ఇంటివాళ్లకు ఇవ్వలేదు రియాద్. ముందు అది ఇవ్వండి. నిమ్ర్ కోసం ఏడ్చిన టెహ్రాన్, 1988లో పోయిన బిడ్డల్ని ఎక్కడ పాతిపెట్టారో ఎందరో తల్లులకు ఇప్పటికీ చెప్పలేదు. ముందు అది చెప్పండి.