మేడ కాలింది, బానిసల ఇల్లు నిలిచింది

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, నల్లజాతీయుల ఓటుహక్కు కోసం 1965లో పాదయాత్ర మొదలైన సెల్మా పట్టణానికి దగ్గర్లోనే, కహాబా నది అలబామా నదిలో కలిసే చోట, కహాబా అనే పాత రాజధాని శిథిలాలున్నాయి. ఇప్పుడది ఓల్డ్ కహాబా పురావస్తు పార్కు. అలబామా చారిత్రక కమిషన్ దాన్ని చూసుకుంటోంది. రాష్ట్రానికి తొలి శాశ్వత రాజధాని అని దానికి పేరు. ఆ శాశ్వతం 1820లో మొదలై 1826కల్లా ముగిసింది!

వరదల వల్లే రాజధాని పోయిందని జనం చెప్పుకుంటారు. నదుల మధ్య పల్లపు ప్రాంతం కాబట్టి ముంపు భయం అబద్ధమేమీ కాదు. కానీ ఆ భయాన్ని పెద్దది చేసి రాజధానిని అదే రాష్ట్రంలోని టస్కలూసాకు తరలించుకుపోయింది మాత్రం రాజకీయమే. రాజధాని పోయాక కూడా ఊరు పత్తి వ్యాపారంతో బలిసింది. 1859లో రైలూ వచ్చింది. ఆ పత్తి పండించింది, మేడలు కట్టింది బానిసలు. అంతర్యుద్ధానికి ముందు ఊరి జనాభాలో సగానికి పైగా వాళ్లే.

యుద్ధంలో ఇక్కడి పత్తి గోదామును కాన్ఫెడరేట్ సేన, అంటే బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది సేన, పట్టుబడ్డ ఉత్తరాది సైనికులకు జైలుగా మార్చింది. 1865 వరదలో ఖైదీలు రోజుల తరబడి నీళ్లలోనే నిలబడ్డారు. విడుదలై ఇంటిదారి పట్టినవారిలో చాలామంది అదే ఏడాది ఏప్రిల్‌లో మిసిసిపీ నదిపై సుల్తానా స్టీమరు పేలి చనిపోయారు.

1866లో కౌంటీ (జిల్లా లాంటిది) కేంద్రం సెల్మాకు వెళ్లింది, దానివెంట దొరలూ వెళ్లారు. ఊరు అక్కడితో చచ్చిపోయిందని రాసేస్తుంటారు. అది నిజం కాదు. విముక్తులైన బానిసలు పాడుబడ్డ కోర్టు భవనంలో రాజకీయ సభలు పెట్టుకున్నారు. సుమారు 70 కుటుంబాలు ఖాళీ స్థలాలను చిన్న చిన్న పొలాలుగా మార్చుకున్నాయి. పాత ఊరిలో చాలా భాగాన్ని ఒకనాటి బానిసే 500 డాలర్లకు కొని, కూలగొట్టిన ఇళ్ల సామగ్రిని స్టీమర్లలో మొబైల్ అనే రేవు పట్టణానికి, సెల్మాకు పంపించాడు. మా దృష్టిలో కహాబా అసలు చరిత్ర ఇదే.

మిగిలిన కట్టడాలదీ అదే మాట. కిర్క్‌ప్యాట్రిక్ మేడ 1935లో కాలిపోయింది. దాని వెనక బానిసలు ఉన్న రెండంతస్తుల ఇటుక ఇల్లు ఇప్పటికీ నిలబడి ఉంది. 1854 నాటి సెయింట్ లూక్ చర్చిని 1878లో విప్పి వేరే ఊళ్లో నిలబెట్టారు. అక్కడ అరవై ఏళ్లకు పైగా నల్లజాతి బాప్టిస్టులు అందులో ప్రార్థనలు చేసుకున్నారు. ఆబర్న్ విశ్వవిద్యాలయంలో భవన నిర్మాణం నేర్పే రూరల్ స్టూడియో విద్యార్థుల చేతుల మీదుగా అది తిరిగి కహాబాకు చేరింది.

అందుకే పార్కు పరిచయం రాష్ట్ర తొలి గవర్నర్ విలియం బిబ్‌తో కాక, ఆ 70 కుటుంబాలతో మొదలవ్వాలి. కమిషన్ నిధులు ముందు అందాల్సింది నల్లజాతీయుల శ్మశానానికి. అక్కడ చాలా సమాధులకు పేరు చెప్పే రాయి కూడా లేదు. ఇప్పుడు లేని పాత శాసనసభ భవనం ఊహాచిత్రాలు ఇంకొన్నాళ్లు ఆగినా నష్టం లేదు.